పరుగునందు ప్రాణలింగము

గురు లింగ జంగమములను మూడింటిలో చివరిదైన జంగమ శబ్దము 'గమ్' ధాతువునుండి పుట్టినది. పోవుట, కదలుట దాని యర్థము. నిలిచియుండునది స్థావరము, కదలునది జంగమము. ఆలయము కట్టింపగల ధనికునికిని, కట్టింపలేని పేదవానికిని శివుని యెదుట భేదము లేదని చెప్పుటకై బసవేశ్వరుడు ఈ స్థావర జంగమ వివేకమునే ఆధారముగా గొని మానవదేహమును దేవాలయముగా దర్శించెను. ఈ విషయము మన పాఠకులకు క్రొత్తది కాదు. ఐనను ఆ దేవాలయము నడచునట్టిదనియు, అవసరమైనచో పరుగెత్తునట్టిదనియు మనము అంతగా విచారించినట్లు కానరాదు.

ఈ విచారణ యిప్పుడేల యని కొందరు అడుగవచ్చును. హైదరాబాదు పాతబస్తీలోని మన కుటుంబముల యువతీయువకులు కొందరు ఇటీవల తెల్లవారుజామున పరుగెత్తుట అలవరచుకొనిరి. ఆగస్టు మాసమున నగరమందు జరుగు మారథాన్ పందెమునకు, అనగా 42 కిలోమీటర్లకు పైబడిన పరుగునకు, సిద్ధపడువారును వారిలో కలరు. ఇందువలన ఇండ్లలో రెండు వివాదములు పుట్టుచున్నవి. చెమటతో తడిసిన రొమ్ముపై ఇష్టలింగము ఊగులాడుచుండగా పరుగెత్తుట అపచారము కాదా యని పెద్దలు. పరుగెత్తునప్పుడు కలుగు ఏకాగ్రత పూజలో కలుగుట లేదు గనుక పరుగే మా పూజ యని పిన్నలు. పెద్దలు చెప్పినట్లు పరుగు మానిన పిల్లలును కలరు. పిల్లలు చెప్పినట్లు పూజ మానినవారును కలరు. రెండును నష్టములే. వీనిలో రెండవది పెద్ద నష్టము.

మొదట పిన్నల వాదమును పరిశీలింతము. వారు కాయక సిద్ధాంతమును అండగా తెచ్చుకొందురు. శ్రమయే శివార్పణమైనప్పుడు పరుగు మాత్రము ఏల కాదని వారి ప్రశ్న. వినుటకు ఇంపుగనే యున్నది గాని నిలువదు. శరణుల కాయకము వట్టి శ్రమ కాదు. మడివాళ మాచయ్య బట్టలుతికెను, అంబిగర చౌడయ్య పడవ నడపెను, నులియ చందయ్య త్రాళ్లు పేనెను. ఆ పనివలన ఒకరికి ఉపకారము కలిగినది. దానివలన వచ్చిన కూలి దాసోహమునకు చెల్లినది. పరుగునకు కూలి లేదు. కూలి లేనిచోట పంచిపెట్టుటకు ఏమున్నది? కావున పరుగును కాయకమనుట పొసగదు. దానికి వేరొక స్థానము వెదకవలయును.

ఆ స్థానము మన చరిత్రలోనే కలదు. అక్కమహాదేవి ఉడుతడినుండి కల్యాణమునకును, కల్యాణమునుండి శ్రీశైలమందలి కదళీవనమునకును కాలినడకన పోయెను. అల్లమప్రభువు ఒకచోట నిలిచినవాడు కాడు. మల్లికార్జున పండితారాధ్యుడు బసవేశ్వరుని దర్శింపవలెనని కల్యాణమునకు బయలుదేరి, మార్గమధ్యమున ఆయన లింగైక్య వార్త విని దుఃఖితుడై, తుదకు శ్రీశైలమునకు మరలెనని పాల్కురికి సోమనాథుడు పండితారాధ్యచరిత్రలో వర్ణించెను. ఎవరిని చూడబోయెనో వారిని చూడజాలని యాత్ర అది. ఐనను సోమనాథుడు దానిని విఫలయాత్రగా చిత్రింపలేదు. ఇక 12వ శతాబ్ది ఉత్తరార్ధమున కల్యాణమున విప్లవము చెలరేగినప్పుడు, చెన్నబసవణ్ణతో కూడ శరణులు ఉళవి వైపునకు సాగినది నడక కాదు, పరుగే. వెనుక తరుముచున్న సైన్యమునకు చిక్కక వారు వచనముల తాళపత్రములను కాపాడుకొనుచు అడవుల వెంట పోయిరని సంప్రదాయము చెప్పుచున్నది. ఆ శరణుల రొమ్ములపై ఇష్టలింగము ఉండెను గదా! అది అపచారమని ఎవరనగలరు?

శ్రీశైలయాత్ర సంగతి కొంత విస్తరించి చెప్పదగియున్నది. పండితారాధ్యచరిత్రలో పర్వత ప్రకరణమను భాగము కలదు. శివరాత్రికి శ్రీగిరి యెక్కు భక్తజన సమూహములను సోమనాథుడు అందు కన్నులకు కట్టినట్లు వర్ణించెను. ఆ యాత్రికులు పాడుకొను పాటలలో పర్వత పదములు, తుమ్మెద పదములు, శంకర పదములు, నివాళి పదములు మున్నగు పేర్లను ఆయన పేర్కొనెను. దీనిని సాహిత్య చరిత్రకారులు దేశికవిత్వమునకు ప్రమాణముగా ఉదాహరింతురు. మనము గమనింపవలసినది వేరొకటి. కొండ యెక్కువాడు పాడవలెనన్న వాని ఊపిరి పాటకు లొంగవలయును. పాట అడుగునకు లొంగవలయును. అడుగు, ఊపిరి, శివనామము ఈ మూడును ఒక్క తాళమున నడచినప్పుడు గాని పర్వత పదము సాగదు. అనగా 13వ శతాబ్ది నాటి తెలుగు శివభక్తులు ఈనాటి పరుగు శిక్షకులు బోధించు శ్వాసనియమమును పాటరూపమున ఎరిగియుండిరని ఊహింపవచ్చును.

ఆ యాత్ర నేటికిని ఆగలేదు. ఉగాదికి కర్ణాటక ప్రాంతమునుండి వేలాది లింగవంతులు రోజుల తరబడి నడచి శ్రీశైలమునకు వత్తురు. ఆత్మకూరు సమీపమందలి వెంకటాపురము మొదలు నాగలూటి, పెచ్చెరువు, భీముని కొలను దాటి కైలాసద్వారము చేరు నల్లమల అడవిదారి వారికి సుపరిచితము. భ్రమరాంబను తమ యింటి ఆడపడుచుగా భావించి చీరసారెలు తెచ్చువారు కలరు. కొందరు కఱ్ఱకాళ్లపై నడచుచు వత్తురు. పాతబస్తీ వారికిని శ్రీశైలము దూరము కాదు. చాంద్రాయణగుట్ట దాటగనే శ్రీశైలము దారి దక్షిణముగా సాగును. పహాడీషరీఫ్, తుక్కుగూడ, కడ్తాల, కల్వకుర్తి, డిండి, మన్ననూరుల మీదుగా 200 కిలోమీటర్లకు పైగా పోయి కొండ చేరును. శ్రీశైల ఉత్తరద్వారమైన ఉమామహేశ్వరము ఈ దారికి చేరువనే యున్నది. పాతబస్తీలో ప్రతిదినము పరుగెత్తువాడు వారమునకు 30 కిలోమీటర్లు పరుగెత్తినచో ఏడు వారములలో, తన వీధి విడువకయే, శ్రీశైలమంత దూరము పోయినవాడగును.

ఇక సిద్ధాంత విషయము. తక్కిన శైవులకు పరుగు ప్రార్థనయని చెప్పవలెనన్న ప్రదక్షిణమును ఉదాహరింతురు. దేవుడు నడుమ నిలిచియుండును, భక్తుడు చుట్టును తిరుగును. వీరశైవునకు ఈ యుపమానము చెల్లదు. లింగము అతని రొమ్ముననే యున్నది. అతడు లింగము చుట్టు తిరుగుట లేదు, లింగమును చేరబోవుటయు లేదు. లింగముతో కూడ పోవుచున్నాడు. ఈ భేదము చిన్నదిగా తోచును గాని సాధనయంతయు దీనిపైననే ఆధారపడియున్నది. గమ్యమందు దేవుడున్నాడని పరుగెత్తువానికి దారి యంతయు ఎడబాటు. మనకు ఎడబాటు లేదు గనుక తొందర యుండనవసరము లేదు.

ఐనచో పరుగు పూజ యేల కాదు? ఇష్టలింగ పూజకు దృష్టి ప్రధానము. లింగమును ఎడమ అరచేత నుంచుకొని, రెప్పవాల్చక చూచుచు, మనస్సును దానియందు నిలుపుట మన పూజకు ప్రాణము. పరుగెత్తువాని కన్ను దారిమీద నుండవలయును. లేనిచో పడిపోవును, పాతబస్తీ వీధులలో మరింత త్వరగా పడిపోవును. కన్ను లింగమందు లేనిచోట ఇష్టలింగ పూజ లేదు. కావున 'పరుగే నా పూజ' యను మాట శాస్త్రవిరుద్ధమే కాదు, అసంభవము కూడ.

అయితే షట్‌స్థలములు భక్తస్థలముతో ముగియుట లేదు. భక్తుడు, మహేశుడు, ప్రసాది, ప్రాణలింగి, శరణుడు, ఐక్యుడు అను ఆరు మెట్లలో నాల్గవది ప్రాణలింగి స్థలము. ఇష్టలింగమందు కన్నులతో చూచినదానిని ప్రాణమందు అనుభవించుట దాని లక్షణము. సామాన్యముగా మనము ఊపిరిని గమనింపము. కూర్చుండి గమనింపబోయినచో మనస్సు పదింట పోవును. పరుగెత్తునప్పుడు మాత్రము ఊపిరి తన్ను తానే చాటుకొనును, గమనింపక తప్పదు. పిల్లలు పరుగులో ఏకాగ్రత కలుగుచున్నదని చెప్పుట అబద్ధము కాదు. అది ఊపిరివలన కలుగు ఏకాగ్రత. దానికి లింగము తోడైనచో ప్రాణలింగానుసంధానమునకు అది అభ్యాసమగును. తోడు కానిచో వ్యాయామముగనే నిలుచును. వ్యాయామము మంచిదే; దానిని తక్కువచేసి మాటలాడుట నా యుద్దేశము కాదు. పూజలో నిలిచిన దృష్టి ఉన్నవానికే పరుగులో ఈ తోడు దొరకును. పూజ మానినవాడు పరుగునందు వెదకునది ఏ లింగమును?

అభ్యాసక్రమమును ఇప్పుడు చెప్పుదును. పంచాక్షరి యందు అక్షరములైదు: న, మః, శి, వా, య. అడుగునకు ఒక్క అక్షరము చొప్పున మనస్సులో జపింపవలయును. 'నమః' యను రెండడుగులకు ఊపిరి తీయుట, 'శివాయ' యను మూడడుగులకు విడుచుట. పరుగు శిక్షకులు కొందరు దీనినే తిరుగవేసి, మూడడుగులకు తీసి రెండడుగులకు విడువుమని బోధింతురు. ఎటు చేసినను ఐదడుగులకు ఒక శ్వాస. ఐదు బేసిసంఖ్య యగుటచే ఒక మంత్రము కుడికాలితో మొదలైనచో తరువాతి మంత్రము ఎడమకాలితో మొదలగును. ఊపిరి విడుచునప్పటి అదురు ఎల్లప్పుడు ఒక్క పార్శ్వముననే పడకుండుట దీనివలని లాభమని వారి అభిప్రాయము. మన మంత్రమందు పదవిభాగము రెండు, మూడుగా నున్నది గనుక నేను మొదటి పద్ధతినే మేలుగా తలంతును. శివశబ్దము నడుమ ఊపిరి తెగుట చెవికే కాక మనస్సునకును ఇంపు కాదు. నడచువారికి ఇంత వడిగల శ్వాస అక్కరలేదు. వారు ఒక మంత్రమునకు తీసి, ఒక మంత్రమునకు విడిచినచో చాలును.

లెక్క కోరువారికి లెక్క. నెమ్మదిగా పరుగెత్తువాడు నిమిషమునకు సుమారు 165 అడుగులు వేయును. అనగా 33 మంత్రములు. అరగంటకు దాదాపు వేయి జపము. 108 మంత్రములకు 540 అడుగులు. అడుగు ముప్పాతిక మీటరైనచో అది 405 మీటర్లు. క్రీడాప్రాంగణమందలి 400 మీటర్ల చుట్టు ఒకటి తిరిగివచ్చునప్పటికి రమారమి ఒక జపమాల పూర్తియగును. ఇది యాదృచ్ఛికమే, ఇందు రహస్యమేమియు లేదు. ఐనను లెక్కకు సుకరము. మంత్రము మరియొక విధముగా కూడ ఉపకరించును. పెదవులతో మెల్లగా ఉచ్చరింపబోయి ఊపిరి చాలక మంత్రము తెగిపోయినచో శక్తికి మించి పరుగెత్తుచున్నావని గ్రహింపవలయును. అప్పుడు వేగము తగ్గింపవలసినదే. గుండెజబ్బు, రక్తపుపోటు గలవారు వైద్యుని అడిగిన పిమ్మటనే మొదలిడవలయును.

ఇతర మతములందును ఇట్టి సాధనలు కలవు. జపానుదేశమున క్యోటో చెంతనున్న హియై పర్వతముపై తెందాయ్ శాఖకు చెందిన బౌద్ధ సన్యాసులు కొందరు ఏడేండ్లలో వేయి దినముల నడకవ్రతము పూనుదురు. మొదటి మూడేండ్లు ఏటికి 100 దినములు, దినమునకు సుమారు 30 కిలోమీటర్లు, గడ్డిచెప్పులతో, దారిలో 250కి పైగా స్థలములందు ఆగి ప్రార్థించుచు పోదురు. ఏడవ యేట కొన్ని దినములు 84 కిలోమీటర్ల వంతున నడతురు. లోకము వారిని పరుగు సన్యాసులని పిలిచినను వారు చేయునది వడినడకయే. అమెరికాలో నవాహో జాతివారు ఆడపిల్ల యీడేరిన వేడుకలో ఆమెను వేకువనే తూర్పుదిక్కుగా పరుగెత్తింతురు. మన దేశమునుండి 1964లో న్యూయార్కునకు పోయిన శ్రీ చిన్మయ్ అను గురువు పరుగును ధ్యానసాధనముగా బోధించెను. ఆయన శిష్యులు 1997 మొదలు 3,100 మైళ్ల పరుగును, అనగా సుమారు 4,989 కిలోమీటర్లను, ఒకే నగరవీధీ చతురస్రము చుట్టు 52 దినములలో ముగింపవలసిన పందెముగా నడుపుచున్నారు. ఇన్ని వేల మైళ్లు మనకు ఆదర్శము కానక్కరలేదు. సంసారి యైన శరణునకు దినమునకు అరగంట చాలును. తక్కిన కాలము కాయకమునకును దాసోహమునకును చెందినది. హియై సన్యాసుల ఆచారమునందు నాకు గ్రహింపదగినదిగా తోచినది వారి దూరము కాదు, అన్ని వందల చోట్ల ఆగుట.

పాతబస్తీలో ఆగుటకు తావులు కరవు లేదు. వేకువన మక్కామసీదునుండి ఫజర్ అజాన్ వినవచ్చు వేళకు చార్మినారు చుట్టు అంగళ్లు మూసియుండును, వాహనములు తక్కువ. 1591లో కట్టిన ఆ కట్టడమునుండి గుల్జార్ హౌజు వరకు, అక్కడ నలుదిక్కుల నున్న కమానుల వరకు రాతిపరపు దారి కలదు. తడిసినప్పుడు ఆ రాళ్లు జారును. మడమ మెలిపడు ప్రమాదమును కలదు. అక్కడ నడచుట మేలు, పరుగునకు మట్టినేల వెదకికొనవలయును. సిటీ కళాశాల సమీపమందలి ఖులీ ఖుతుబ్ షా క్రీడాప్రాంగణము వంటి మైదానము దొరకిన మరియు మంచిది. రంజాను నెలలో మాత్రము ఏకాంతము ఆశింపరాదు. సహరు వేళ దాక బజారు మేలుకొనియుండును. పరుగు మాని జనముతో పాటు నడచుటయే ఆ నెల మర్యాద. అట్లే ఆషాఢ బోనాలకు లాల్‌దర్వాజా వైపు. కుక్కల గుంపు ఎదురైనచో పరుగు నిలిపి నడవవలయును, మంత్రము నిలుపనక్కరలేదు.

పెద్దల సందేహమునకు వత్తము. ఇష్టలింగమును దేహమునుండి వేరుచేయరాదనుట మన మూలనియమము. లింగవియోగమును ప్రాణవియోగముతో సమానముగా ఎంచిన సంప్రదాయము మనది. కావున పరుగెత్తుటకై లింగమును ఇంటిలో గూటియందు పెట్టిపోవుట ఎంతమాత్రము తగదు. చెమట యనునది రైతు దేహమునకును కూలివాని దేహమునకును దినమంతయు ఉన్నదే. వారు లింగము తీసివేసి పొలమునకు పోవుచున్నారా? నులియ చందయ్య గడ్డి కోయుచుండగా లింగము జారిపడినను పని విడువలేదనియు, తుదకు లింగమే అతనిని బ్రతిమాలి అతని కాయకమున పాలుగొన్నదనియు శరణుల కథలలో వినుచున్నాము. ఆ స్థితి చందయ్యది. మనము జారకుండ కట్టుకొనుటయే యుక్తము.

కట్టు విధమునకు శాస్త్రము అవకాశము నిచ్చియున్నది. శిరస్సు, కంఠము, కక్షము, వక్షస్థలము, హస్తము లింగధారణకు తగిన స్థానములు. నాభికి దిగువన ధరింపరాదు. పొడవైన శివదారమున వ్రేలాడు వెండి లింగకాయ పరుగునందు రొమ్మునకు తగులుచు ఊగును, కొన్నాళ్లకు చర్మము ఒరయును. అందుకు బదులు లింగమును శుభ్రమైన నూలువస్త్రమందు చుట్టి, దారమును కుదించి కంఠము క్రిందుగా బిగువుగా కట్టుకొని, పైన బనియను వేసికొనవలయును. లేదా వస్త్రముతో కలిపి భుజము మీదుగా కక్షమునకు చేర్చి కట్టుకొనవచ్చును. శివదారము నెలకొకసారి మార్చుకొనుట మంచిది. చెమటకు నూలు త్వరగా చివుకును.

నీటి విషయమున ఇండ్లలో ఎక్కువ చిక్కు కలుగుచున్నది. ఉదయపూజ కానిదే మంచినీరైనను ముట్టని నిష్ఠాపరులు కలరు. వారి నిష్ఠ పూజ్యమైనది. కాని హైదరాబాదు వేసవిలో, పగలు 40 డిగ్రీలు దాటు దినములలో, నీరు లేక గంటసేపు పరుగెత్తుట దేహమునకు హాని. అట్టివారు వేసవి యందు అరగంటకు మించక, సూర్యోదయమునకు ముందే ముగించుకొనవలయును. లేదా సాయంపూజకు ముందు పరుగెత్తవలయును. అంత నిష్ఠ లేనివారు నీరు త్రాగునప్పుడు క్షణమాగి లింగమునకు అర్పించి ప్రసాదముగా గొనవచ్చును. లింగము దగ్గరనే యున్నది, అర్పించుటకు ఎక్కడికిని పోనక్కరలేదు. షట్‌స్థలములలో ప్రసాది స్థలమునకు ప్రాణలింగి స్థలము వెనువెంటనే యుండుట ఇచ్చట జ్ఞప్తికి వచ్చును.

స్త్రీల గూర్చి ఒక్క మాట. లింగధారణమందు స్త్రీపురుష భేదమును బసవాది శరణులు పాటింపలేదు. లింగవంతులకు పంచసూతకములు లేవు గనుక నెలలో ఏ దినమునను పూజకు గాని ఈ అభ్యాసమునకు గాని నిషేధము లేదు. దేహము కోరిన విశ్రాంతి వేరు మాట. వేకువచీకటిలో ఒంటరిగా పంపుటకు వెరచు తల్లిదండ్రులు ఆడపిల్లలను ఇంట కూర్చుండబెట్టుటకు మారుగా తామును వెంట నడచుట మేలు. తల్లి నడచును, కూతురు పరుగెత్తి ముందుకు పోయి మరలి వచ్చి తల్లిని కలసికొనుచుండును. ఇరువురి జపము సాగును.

ఇంటికి వచ్చిన వెంటనే పూజకు కూర్చుండరాదు. ఊపిరి నెమ్మదించు వరకు నడచి, స్నానము చేసి, తడిసిన లింగవస్త్రమును మార్చి, విభూతి ధరించి, లింగమును అరచేత నుంచుకొనవలయును. ఉదయమంతయు కదలిన కాళ్లు అప్పుడు మడిచి కూర్చుండుటకు కొంచెము మొరాయించును. మోకాళ్లు పట్టివేసినవారు పీటమీద గాని కుర్చీమీద గాని కూర్చుండి పూజించినను దోషము లేదు.